మొదటి చిప్ప

మా కొట్టు గుమ్మం మీద ఒక నీలం చెక్కపలక వేలాడేది. దాని మీద తెల్లరంగుతో 'మొదటి చిప్ప మాది' అని రాసి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో కొట్టు పేరనుకునేవారు. కాదు, అది మాట ఇవ్వడం. బుట్టలోంచి తీసిన మొట్టమొదటి ఆల్చిప్పని కొనేవాళ్ళ కళ్ళెదుటే తెరిచి, మా ఇంటి మనిషి పచ్చిగా తినాలి. ఆ తర్వాతే బేరం.

ఆ పద్ధతి పెట్టింది మా అత్తగారు. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఈ రేవులో వీళ్ళ దగ్గర ఎవరూ కొనేవాళ్ళు కాదట. ఆవిడ నడివీధిలో పీట వేసుకుని కూర్చుని, "ఇదిగో, నేను తింటున్నాను. నేను పోతే కొనకండి" అని తిని చూపించారట. పోలేదు. కొట్టు నిలబడింది. "చిప్పలమ్మేవాళ్ళకి చివరికి చేతికి చిప్పే మిగుల్తుందన్నారు నలుగురూ. ఇప్పుడా నలుగురూ నా దగ్గరే కొనుక్కు తింటున్నారు" అని ఆవిడ చెప్పని రోజు లేదు.

ఆవిడ పళ్ళు కదిలాక ఆ పీట కోడళ్ళకి రావాలి. పెద్దకోడల్ని కాబట్టి ముందు నాకే వచ్చింది, ఒక్క పూటకి. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుకున్న పాపానికి ఆ చిప్పలో ఏది మొప్పో ఏది పొట్టో నాకు పేరుపేరునా తెలుసు. పేర్లు తెలిసినవాళ్ళని తినడం కష్టం. నా మొహం చూసి ఇద్దరు బేరగాళ్ళు వెనక్కి పోయారు. అత్తగారు నన్ను మేడ మీది వంటింట్లోకి తోలేసి, చిన్నకోడల్ని పీట మీద కూర్చోబెట్టారు.

మా చెల్లి, అంటే నా తోటికోడలు, దానికోసమే పుట్టినట్టుండేది. ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, పొట్టి మొద్దు చాకు చిప్ప మడతలో ఆనించి మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే టక్కుమని తెరుచుకునేది. తినేటప్పుడు కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు మూసుకోవడం చూడ్డానికే సగం మంది వచ్చేవాళ్ళని నా అనుమానం.

మిగిలింది మగవాళ్ళు. మా ఆయనది పైపెత్తనం: పెంపకపు మడులు, పడవలు, పర్మిట్లు, పలుకుబడి. మా మరిదిది పెరట్లోని ట్యాంకు. మడుల్లోంచి తెచ్చిన ఆల్చిప్పల్ని శుభ్రమైన నీళ్ళలో ఉంచి కడుపులు కడిగే ట్యాంకు అది. క్రిముల్ని చంపే నీలం దీపం కింద నీళ్ళు గిర్రున తిరుగుతుండేవి. మా మరిది పెళ్ళాంతో మాట్లాడిన దానికంటే ఆ పంపుతో ఎక్కువ మాట్లాడేవాడు. పంపు ఎదురు చెప్పదు కదా.

ఆ వేసవి గాలి ఆగిపోయింది. సముద్రం పొయ్యి మీంచి దించిన నూనెలా కదలకుండా పడి ఉంది. పడవల వాళ్ళు నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఇదేంటిది, కాళ్ళు కడుక్కోవడానికి కాచినట్టుంది" అనేవారు. ఇళ్ళలో ఉండలేక ఊరు ఊరంతా సాయంత్రమయ్యేసరికి ఒడ్డుకి చేరేది. చేరినవాళ్ళు ఊరుకోరు, తింటారు. మా ఆయన మొహంలో అంత సంతోషం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

మా ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవారు. ప్రతి సాయంత్రం కొట్టు కట్టేసి, నేరుగా మా చెల్లి ముందుకొచ్చి నిలబడేవారు. అప్పటికే కాస్త పుచ్చుకుని ఉండేవారన్నది వీధంతటికీ తెలుసు. వాళ్ళావిడకి తెలియదని వీధంతా నటించేది.

"ఏమ్మా, ఇవాళ నువ్వు తిన్నావా?"

"మీ ఎదురుగానే తింటా బాబాయిగారూ. నా మీద నమ్మకం లేదా?"

"గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఎవర్నీ నమ్మను."

మా చెల్లి తెరిచింది. నిమ్మచెక్క పిండింది. కళ్ళు మూసుకుని మింగింది. "ఊఁ, మీ వంతు" అంది. ఆయన తిన్నారు. ఇంకా ఇంకా తిన్నారు. అదే వాళ్ళిద్దరి ఆఖరి బేరం.

ఆ మర్నాడు మేడ మీద ఫోను మోగింది. మా ఇంట్లో ఫోను వంటింటి గుమ్మం పక్కనే ఉంటుంది కాబట్టి తీసేది ఎప్పుడూ నేనే. పెద్ద ఇళ్ళవాళ్ళ క్లబ్బు మేనేజరు. మా దగ్గర్నుంచి వాళ్ళకి తెరవని ఆల్చిప్పలు బస్తాలకి బస్తాలు వెళ్ళేవి. వాళ్ళ వంటవాడే తెరుచుకునేవాడు.

"మీవారు లేరా అమ్మా? ఏం లేదు, మా మెంబర్లు కొందరు మంచం పట్టారు. వాంతులు, విరేచనాలు. అందరూ మీ సరుకు తిన్నవాళ్ళే. పెద్దమనుషులు, బయటికి పొక్కితే బాగుండదు. మేమేం గొడవ చెయ్యం. ఆయనకి ఒక్క మాట చెప్పండి చాలు."

చెప్పాను. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ విని, "వాళ్ళ వంటవాడు ఒట్టి మురికి మనిషి" అన్నారు.

"వాళ్ళ వంటవాడు మారలేదు కదండీ. ఇన్నాళ్ళూ పడని జబ్బు ఇప్పుడెందుకు పడ్డారు?"

"నువ్వు ఆల్చిప్పల గురించి పరీక్ష రాశావు. మేము ఆల్చిప్పలు అమ్ముతున్నాం. రెంటికీ తేడా ఉంది."

తేడా ఉందని నేనూ ఒప్పుకున్నాను. పరీక్షలో తప్పు రాస్తే నష్టపోయేది రాసినవాళ్ళే.

వారం తిరక్కుండానే ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఒకళ్ళో ఇద్దరో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. చాలామంది రెండు పూటలు పస్తుండి లేచి తిరిగారు. గడియారాల ఆయన లేవలేదు. ఆస్పత్రికి నడిచి వెళ్ళిన మనిషిని తెల్లగుడ్డ కప్పి తెచ్చారు.

కర్మకాండలయ్యాక ఆయన భార్య వీధి దాటి వచ్చి మా కొట్టు ముందు నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. బుట్టల వంక చూసింది, పలక వంక చూసింది.

"ఆయనకి ఎవరి చేత్తో పెట్టారు?" అని అడిగింది.

మా చెల్లి లేచి నిలబడింది. "నా చేత్తోనే పిన్నిగారూ" అంది.

ఆవిడ ఆ చేతుల వంకే చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. అంతే. వీధి మొత్తానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆ రోజు వరకూ అందరూ "ఏమైంది?" అని అడిగేవాళ్ళు. ఆ రోజు నుంచి "ఎవరి చెయ్యి?" అని అడగడం మొదలుపెట్టారు.

అప్పుడు దిగింది ఆరోగ్యశాఖ నుంచి ఒక డాక్టరమ్మ. సన్నగా, గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. మందివ్వదు, నాడి చూడదు. కూర్చుని, "మొన్న ఆదివారం ఏం తిన్నారు? సోమవారం ఏం తిన్నారు? ఎక్కడ తిన్నారు? మీతో ఎవరు తిన్నారు?" అని అడిగేది. రెండు రోజుల్లో వీధి ఆవిడకి 'ఏంతిన్నారమ్మ' అని పేరు పెట్టేసింది.

నన్నూ వదల్లేదు.

"నాకు జబ్బే రాలేదు కదండీ. నన్నెందుకు అడుగుతున్నారు?" అన్నాను.

"అందుకేనండీ. జబ్బు పడ్డవాళ్ళు ఏం తిన్నారో తెలిసింది. పడనివాళ్ళు ఏం తినలేదో తెలియాలి. అందరూ మంచినీళ్ళు తాగారు, అందరూ అన్నం తిన్నారు. ఒకళ్ళు తిని ఒకళ్ళు తిననిదేదో అక్కడ దొరుకుతుంది."

ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో ఏది పాడైందో కనుక్కోవడానికి నేనూ అదే చేస్తాను. కాకపోతే నాకు గొడుగూ జీతమూ లేవు.

పోతూపోతూ ఇంటిల్లిపాదికీ తలో చిన్న డబ్బా ఇచ్చింది. ఆల్చిప్పలు ముట్టుకునేవాళ్ళ విరేచనం పరీక్ష చెయ్యాలట. అత్తగారు డబ్బాని చీరకొంగుతో పట్టుకుని, "ఇంత బతుకూ బతికి, ఈ వయసులో ఇది కూడా సర్కారుకి చూపించుకోవాలా?" అన్నారు.

"మూత గట్టిగా పెట్టండి అత్తయ్యా, సర్కారు చూసినా వీధి చూడకుండా" అన్నాను. ఆ వేసవిలో మా ఇంట్లో అందరం కలిసి నవ్వింది అప్పుడే. చెల్లయితే డబ్బా నెత్తిన పెట్టుకుని కిరీటంలా నడిచి చూపించింది. మరిది కూడా నవ్వాడు, పంపు వైపు తిరిగి.

ఫలితాలొచ్చాయి. ఇంట్లో ఒక్కళ్ళ డబ్బాలోనే జబ్బు తెచ్చిన క్రిమి కనబడింది. చెల్లి డబ్బాలో.

డాక్టరమ్మ ఫోనులో చెప్పింది ఇంతే: మళ్ళీ పరీక్ష చేసి బాగుందనేదాకా ఆ అమ్మాయిని కౌంటరు దగ్గర కూర్చోబెట్టొద్దు. మిగతా సంగతులు తను వచ్చి మాట్లాడుతుంది. ఫోను తీసి ఆయన చేతికిచ్చింది నేను, ఆ మాట విన్నది మా ఆయన. మేడమెట్లు దిగి కొట్లోకి చేరేసరికి ఆ మాట ఎలా పెరిగిందో తెలియదు. ఆ సాయంత్రానికి వీధిలో "ఆ పిల్లేనట, తేలిపోయిందట" అంటున్నారు.

మర్నాడు పొద్దున్నే అందరం భోజనాల గదిలో కూర్చున్నాం. చెల్లి కింద నుంచి అప్పుడే వచ్చింది. అలవాటు కొద్దీ చాకు చేతిలోనే ఉంది.

"ఆ చేతుల్లోనే ఉందన్నమాట" అన్నారు అత్తగారు.

"చేతుల్లో కాదత్తయ్యా, కడుపులో" అన్నాను. "మీరు పెట్టిన పద్ధతి ప్రకారం బుట్టకొకటి చొప్పున తింటోంది కదా. ఈ ఇంట్లో పచ్చిది తినేది అదొక్కతే. దాన్నుంచి చిప్పలకి పాకలేదు, చిప్పల్నుంచే దానికి పాకింది. రోజూ పొగలో కూర్చునేదాన్ని పట్టుకుని, నీ వల్లే నిప్పంటుకుందంటే ఎలా?"

"చదువుకున్నదానివి. నీకన్నీ తిరగేసే కనిపిస్తాయి."

మా ఆయన చెయ్యెత్తి మా ఇద్దర్నీ ఆపారు. ఆయన కోపంగా లేరు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటమే నాకిప్పటికీ గుర్తు.

"ఎట్నుంచి ఎటు పాకితే ఏంటి? చేతుల వల్ల అనుకో, ఒక మనిషి నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే సరిపోతుంది. సముద్రం వల్ల అనుకో, మడులు మూసెయ్యాలి. ఎండాకాలం పోయేదాకా. మన ఒక్కళ్ళవే కాదు, ఈ రేవులో అందరివీ. ఏది తేలిక?"

"తేలిక సంగతి కాదండీ. క్లబ్బువాళ్ళ చిప్పలు ఎవరు తెరిచారు?"

పెరట్లో పంపు గుడగుడమంటోంది.

"క్లబ్బులో ఏమైందక్కా?" అంది చెల్లి.

"నువ్వు నోరు మూసుకుంటావా?" అన్నారు మా ఆయన నాతో.

చెల్లి నన్ను వదిలేసి మొగుడి వైపు తిరిగింది. "క్లబ్బులో కూడా పడ్డారా? నేను తెరవనివి తిని కూడా? నీకు తెలుసా?"

మా మరిది కిటికీలోంచి ట్యాంకు మీది నీలం దీపాన్ని చూస్తున్నాడు.

"అన్నయ్య చూసుకుంటానన్నాడు" అన్నాడు.

చెల్లి కొళాయి దగ్గరికి వెళ్ళి చాకు కడిగింది. ఇటు తిప్పి, అటు తిప్పి, పిడి సందులో గోరుతో గీకి మరీ కడిగింది. తుడిచి, కిందకి దిగి కౌంటరు మీద దాని చోట్లో పెట్టి వచ్చింది. ఆ తర్వాత పెట్టె సర్దుకుంది.

"నాలుగు రోజులేనమ్మా. గొడవ సద్దుమణగ్గానే మేమే వచ్చి తీసుకొస్తాం" అన్నారు అత్తగారు, కొత్త గొడుగు చేతికిస్తూ.

"అలాగే అత్తయ్యా" అంది.

మరిది పెట్టె మోసుకుని బస్సు దాకా వెళ్ళాడు. అంతవరకూ బాగానే మోశాడు. వాళ్ళు వీధిలో నడుస్తుంటే పక్కింటావిడ ఆరేసిన బట్టల్ని గబగబా లోపలికి తీసుకుంది. ఎండ నిప్పులు చెరుగుతోంది, బట్టలింకా తడిగానే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాయో లేదో డాక్టరమ్మ గొడుగు మా గుమ్మంలో కనిపించింది. కుర్చీలో కూర్చుని ఊరి పటం ఒకటి పరిచింది. జబ్బు పడ్డ ఇళ్ళ దగ్గర ఎర్రచుక్కలు. మా వీధిలో ఉన్నాయి, ఒడ్డు పొడుగునా ఉన్నాయి. దూరంగా తోటల పక్కన, పెద్ద ఇళ్ళుండేచోట, ఒక గుత్తి.

"ఈ గుత్తి నాకు అంతుపట్టడం లేదండీ" అంది మా ఆయనతో. "వీళ్ళెవరూ మీ కొట్టుకి రాలేదంటున్నారు. క్లబ్బులో తిన్నారా అంటే క్లబ్బువాళ్ళు అసలు ఆల్చిప్పలే వండలేదంటున్నారు. మీరు తెరవకుండా ఎవరికైనా అమ్ముతారా?"

"లేదండీ. అన్నీ ఇక్కడే తెరుస్తాం. మా తమ్ముడి భార్యే తెరిచేది. అందుకే ఆమెని ఊరు పంపించేశాం, మీరు చెప్పక ముందే."

"ఊరు పంపించేశారా? ఎందుకు?"

నేను మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు డాక్టరమ్మ చేతికిచ్చి, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పాను.

"క్లబ్బుకి బస్తాలు వెళ్తాయి కదండీ, ఈయన మర్చిపోయినట్టున్నారు. ఎండకి మతిమరుపు. వాళ్ళ మెంబర్లు మంచం పట్టారని మేనేజరుగారు ఫోను కూడా చేశారు. తీసింది నేనే. అప్పటికింకా ఎదురింటాయన బాగానే ఉన్నారు."

మా ఆయన నన్ను చూడలేదు. పటం మీద ఆ గుత్తిని చూస్తూ కూర్చున్నారు. డాక్టరమ్మ నీళ్ళు మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "అప్పుడే చెప్పి ఉంటే, ఆయనకి వేళకి మందు..." అని ఆగిపోయింది. ఎదురింటి తలుపు మూసి ఉంది.

మా మరిది అప్పుడు నోరు తెరిచాడు. "కానీ మా ట్యాంకు నీళ్ళు పరీక్షకి పంపిస్తే ప్రతిసారీ శుభ్రం అనే వస్తోంది కదండీ!"

"మురుగు లేదని వస్తోంది. మురుగులోంచి వచ్చే క్రిములు మీ ట్యాంకులో పోతాయి. ఇవి మురుగులోంచి రాలేదు. ఇవి సముద్రంలో పుట్టి సముద్రంలో పెరిగేవే, మామూలుగా కాసినే ఉంటాయి. నీళ్ళు వెచ్చబడితే ఇబ్బడిముబ్బడి అవుతాయి. చిప్ప రోజంతా ఆ నీళ్ళు పీల్చి వదుల్తూ వీటిని కడుపులో పోగేసుకుంటుంది. ట్యాంకులో తిప్పినా ఇవి వదలవు. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఆ అమ్మాయి తిన్నది, వచ్చింది, తగ్గింది. గట్టి మనిషి. కాలేయం దెబ్బతిన్నవాళ్ళయితే తట్టుకోలేరు."

మా మరిది నీలం దీపం వైపు చూశాడు.

మడులు మూతపడ్డాయి. రేవు గోడ మీద ఆరోగ్యశాఖ కాగితం అతికించింది: సముద్రం వేడెక్కడం వల్ల, నీళ్ళు చల్లబడేదాకా ఎవరూ ఆల్చిప్పలు తియ్యరాదు, అమ్మరాదు, పచ్చిగా తినరాదు. అందరూ నిలబడి చదివారు. చదివి, నమ్మలేదు. మడులున్న మిగతా ఇళ్ళవాళ్ళు మాత్రం ఆ కాగితం వెనక నా నోరుందని గట్టిగా నమ్మారు. కూరల దుకాణంలో నేను వెళ్తే జనం జరిగి దారిచ్చేవారు. నాకు వరసలో నిలబడే బాధ తప్పింది.

గడియారాల ఆయన భార్య ఒకసారి బస్టాపులో కనిపించింది. రేవు గోడ మీది కాగితం సంగతి నేనే ఎత్తాను.

"చదివానమ్మా" అంది. "సముద్రం ఎప్పుడూ ఇక్కడే ఉంది. మేం పుట్టకముందు నుంచీ ఉంది. కొత్తగా వచ్చింది ఆ పిల్లే కదా."

ఆవిడతో ఏం వాదిస్తాను? సముద్రాన్ని తిట్టుకుంటూ ఎవరు బతకగలరు? మనిషైతే తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. పైగా ఆయన తాగుడు సంగతి నేను ఎత్తితే గానీ ఆ వాదన ముగియదు. ఆ మాట నేను అనను.

మా ఆయన నాతో మాటలు మానేశారు. కూరలో ఉప్పు తక్కువైనా చెప్పరు, ఎక్కువైనా చెప్పరు. ఆ లెక్కన అది నాకు విశ్రాంతి. అత్తగారు మాత్రం రోజుకోసారి, "నాలుగు రోజులన్నాం కదా, తీసుకురావాలి" అనేవారు. ఎవరు వెళ్ళి తీసుకురావాలో మాత్రం చెప్పేవారు కాదు. చివరికి నేనే బయల్దేరాను. మరిదిని రమ్మన్నాను.

"ట్యాంకు వదిలి రాలేను వదినా" అన్నాడు.

ఆ రోజుల్లో ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు.

చెల్లి వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంది. సముద్రం వాసన కూడా తగలనంత లోపలి ఊరు. ఇరుకు గది, కుట్టుమిషను, కిటికీకి అడ్డంగా పాత చీర. నన్ను చూసి మొహం విప్పారింది. "అక్కా, నీ బుగ్గలు చూస్తే మీ ఇంట్లో నీతో ఎవరూ మాట్లాడ్డం లేదనిపిస్తోంది. ప్రశాంతంగా నిండాయి" అంది.

"రెండో పరీక్ష బాగుందని వచ్చిందటగా" అన్నాను.

"వచ్చింది. మెళ్ళో వేసుకు తిరగమంటావా?"

వాళ్ళ పిన్ని మంచి మనిషే. నాకు కాఫీ ఇచ్చింది. చెల్లికీ ఇచ్చింది, గూట్లో ఓ పక్కన విడిగా బోర్లించి ఉన్న గ్లాసు తీసి. తాగాక చెల్లి ఆ గ్లాసు తనే కడిగి, తీసిన చోటే విడిగా బోర్లించింది. ఆ బోర్లించడంలో అలవాటు కనిపించింది. మా వీధి మాట మా చెల్లి కంటే ముందు బస్సెక్కి అక్కడికి చేరినట్టుంది.

"తప్పు నీది కాదని డాక్టరమ్మ అందరి ముందూ చెప్పింది. ఇంక వచ్చెయ్యి" అన్నాను.

"తప్పు నాది కాదని ఆ పొద్దున ఆ గదిలో తెలియనిది ఎవరికక్కా? ఒక్క అత్తయ్యకి. ఆవిడ మీద నాకు కోపం లేదు." కాసేపు మిషను చక్రం ఉత్తినే తిప్పింది. "ఆయన రాలేదా?"

"ట్యాంకు..."

"ఓహో."

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "నా చాకు పంపించక్కా" అంది.

"ఇక్కడ ఆల్చిప్పలెక్కడివే? దాంతో ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. అది మీ కొట్లో ఉండకూడదు, అంతే."

'మన కొట్టు' అనేది ఎప్పుడూ. ఇంటికొచ్చిన మర్నాడే చాకుని మందపాటి గుడ్డలో చుట్టి, పార్సిలు చేసి పంపించేశాను. ఎవరినీ అడగలేదు. నాతో ఎవరూ మాట్లాడ్డం లేదు కాబట్టి అడిగే అవసరం కూడా లేకపోయింది.

వానలొచ్చాయి, వెళ్ళాయి. గాలి తిరిగింది. పొద్దున్నే కొళాయి నీళ్ళు వేళ్ళకి చల్లగా తగలడం మొదలైంది. ఒక రోజు పర్మిటు వచ్చింది. మా ఆయన పలక దింపి, కొత్త రంగు వేయించి, మళ్ళీ గుమ్మం మీద వేలాడదీయించారు. నాతో అన్ని వారాల తర్వాత అన్న మొదటి మాట, "రేపు పొద్దున కిందికి రా. పీట మీద ఎవరో ఒకరు కూర్చోవాలి."

వెళ్ళాను. పీట మీద కూర్చున్నాను. అత్తగారు మేడమెట్ల మీద సగంలో కూర్చుని చూస్తున్నారు. మరిది మొదటి బుట్ట తెచ్చి నా ముందు పెట్టి, పీట వంక చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మొదటి బేరం క్లబ్బు మేనేజరుది. తెల్లచొక్కా, సెంటు వాసన. బస్తాలకి ఆర్డరు చెప్పి, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, నలుగురూ వినేలా అడిగారు.

"ఆ అమ్మాయి లేదు కదా ఇప్పుడు?"

"లేదండీ. అప్పుడే పంపించేశాం. మీరు నిశ్చింతగా తినండి" అన్నారు మా ఆయన.

ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూనే ఆ మాటలు అనుకున్నారు. రెప్ప కూడా వెయ్యలేదు. వెనక నిలబడ్డ నలుగురూ హమ్మయ్య అన్నట్టు ముందుకి జరిగారు.

మా ఆయన కౌంటరంతా తడిమారు. "చాకేదీ?"

"దాని చాకు దానికి పంపించేశాను."

ఒకసారి జనం వంక చూసి, సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీశారు. మొదటి చిప్ప అంచు విరిగింది. పెంకు ముక్కలు వేలితో ఏరి, నిమ్మకాయ పిండి, నా వైపు జరిపారు.

నేను దాన్ని వేలితో మెల్లిగా ఆయన వైపే తోశాను.

"మొదటిది మనదే కదండీ. మీరు కానివ్వండి. పెద్దవాళ్ళు."

ఆయన చిప్పని చూశారు. నీళ్ళు చల్లబడ్డాయని పర్మిటు గోడ మీద ఉంది. డాక్టరమ్మ సంతకం ఉంది. ఆయన పచ్చిది తిని ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. మెట్ల మీద ఉన్నావిడకీ తెలుసు.

అప్పుడు ఆయన నవ్వారు. చిప్ప ఎత్తి రెండు చేతులతో మేనేజరు ముందుంచారు. "ముందు మీరండీ. ఇన్నాళ్ళ తర్వాత వచ్చారు, మర్యాద చెయ్యద్దూ?"

అందరూ నవ్వారు. మేనేజరు పొంగిపోయి తిన్నారు. "బ్రహ్మాండం" అన్నారు. మిగతావాళ్ళు చేతులు చాపారు. మెట్ల మీద చప్పుడు వినిపించి తలెత్తాను. అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టే పైకెక్కుతున్నారు. అంత నెమ్మదిగా ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు.

మేనేజరు చేతులు తుడుచుకుని గుమ్మం వైపు నడిచారు. ఆయన పొడుగు మనిషి. నేనే పీట మీంచి లేచి చెప్పాను.

"కాస్త వంగి వెళ్ళండి మేనేజరుగారూ. పలక రంగింకా ఆరలేదు. అంటుకుంటుంది."